అయ్యగారి మూడు రిజిస్టర్లు

పాస్టరు గారికి వారంలో ఒక్క ఆదివారమే పని అని లోకంలో ఒక అభిప్రాయం ఉంది. తెల్లని నిలువుటంగీ తొడుక్కుని, గంటసేపు ప్రసంగం చేసి, కానుక సంచీ తిప్పించి, మిగిలిన ఆరు రోజులూ పడక కుర్చీలో విశ్రాంతి తీసుకుంటారని హాస్టల్లో మిత్రులు నాతో పరిహాసమాడేవారు. ఈ మాట అనేవారు క్రైస్తవుల ఇళ్ళల్లోనూ లేకపోలేదు. నేను చిన్ననాటి నుంచి ఎరిగిన ఒక పాస్టరు గారి సేవను గూర్చి నాలుగు మాటలు వ్రాస్తే, ఆ ఆరు రోజులు ఎట్లా గడిచేవో పాఠక మిత్రులకు తెలుస్తుందని ఈ ప్రయత్నం.

ఆయన పేరు ఇక్కడ వ్రాయడం లేదు. వ్రాస్తే ఆయనకు నచ్చదు. మా వాడలో ఆయనను పేరుతో పిలిచినవారు కూడా లేరు. పెద్దలకూ పిల్లలకూ ఆయన "అయ్యగారు", ఆయన భార్య "అమ్మగారు". జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల – ఈ మూడు ఊళ్ళలో, వాటి చుట్టుపట్ల పల్లెల్లో ముప్పయ్యేళ్ళకు పైగా ఆయన సేవ చేశారు. మధ్యలో వేరే చోట్లకు బదిలీ అయినా తిరిగి తిరిగి ఈ మూడింటికే వచ్చారు. ఆయన కట్టించిన గొప్ప దేవాలయం ఏదీ లేదు. శిలాఫలకం మీద ఆయన పేరు ఎక్కడా లేదు. మరి ఆయన సేవకు గుర్తేమిటి అంటే, ఆ మూడు ఊళ్ళ చర్చీల బీరువాల్లో ఉన్న మూడేసి రిజిస్టర్లే అంటాను. ఒకటి బాప్తిస్మముల రిజిస్టరు, రెండోది వివాహముల రిజిస్టరు, మూడోది భూస్థాపనల రిజిస్టరు.

వాటి సంగతి చెప్పే ముందు మా ప్రాంతపు సంఘాల కథ కొంచెం చెప్పాలి. నిజాం రాజ్యంలో వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు 1879 ప్రాంతంలో సికింద్రాబాదులో పని మొదలుపెట్టారు. ఆ శతాబ్దం చివరి ఏళ్ళలో మెదక్ చేరిన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర 1914లో అక్కడ మహా దేవాలయం నిర్మాణం ఆరంభించారు. కరువుతో అల్లాడుతున్న జనానికి ఆ కట్టుబడి కూలి గింజలు పెట్టిందని మా తాతల నాటివారు చెప్పుకునేవారు. 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠ అయింది. 175 అడుగుల ఆ గోపురాన్ని మీరంతా కనీసం క్యాలెండర్లలోనైనా చూసే ఉంటారు. ఇటు డోర్నకల్‌లో వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912లో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడాయన. తిరునల్వేలి తమిళుడై ఉండీ తెలుగు నేర్చుకుని, ఎద్దుబండి మీద పల్లెపల్లె తిరిగి, 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవారు ఏకమై దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డారు. 1978లో కరీంనగర్ అధ్యక్ష మండలం ఏర్పడింది.

చరిత్ర పుస్తకాలకు గోపురాలూ బిషప్పులూ కావాలి. కాని పల్లెల్లో సంఘాలను నిలబెట్టినవారు ఉపదేశులు, వారి మీద ఒక పాస్టరు. సంఘాల్లో చేరినవారు చాలావరకు మాల, మాదిగ పల్లెల ప్రజలు. బడి లేని వాడకు బడి, పేరు చివర "గాడు" లేకుండా పిలిచే ఒక గొంతు – వాళ్ళకు మొదట దొరికింది ఈ రెండూ అని నేననుకుంటాను.

మా అయ్యగారు హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో చదువుకున్నారు. ఆ కళాశాల 1964లో రాజమండ్రిలో పుట్టి, 1973లో హైదరాబాదుకు మారింది. అక్కడి పట్టాలు ఇచ్చేది బెంగాలులోని శ్రీరాంపూర్. 1818లో విలియం కేరీ, ఆయన సహచరులు స్థాపించిన విద్యాపీఠం అది. అంత చదువూ చదివి ఆయన జగిత్యాలకు వచ్చింది ఒక ట్రంకు పెట్టె, ఒక హెర్క్యులస్ సైకిలుతో.

అప్పటి జగిత్యాల ఎట్లాంటిదో పెద్దలకు జ్ఞాపకం ఉంటుంది. 1978 సెప్టెంబరులో అక్కడ రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. ఆ మరుసటి నెలలోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు పొద్దుగూకినాక దారి వెంట పోయే మనిషి ఎవరికో ఒకరికి జవాబు చెప్పుకోవలసిందే. అయ్యగారి పనేమో పొద్దుగూకినాకే. కూలికి పోయినవాళ్ళు ఇల్లు చేరి, గంజి తాగి, ఆరుబయట కూర్చుంటేనే కదా ప్రార్థన కూడిక!

ఒక రాత్రి సైకిలు మీద వస్తుంటే పోలీసులు ఆపారట. ఈ సంగతి ఆయనే మాకు నవ్వుతూ చెప్పేవారు.

"ఏడికి పోయొస్తున్నవ్?"

"సంఘానికి పోయొస్తున్న సార్."

"ఏ సంఘం?"

"మా సంఘమే సార్. ప్రతి బేస్తారం పోత."

"ఎంత ధైర్యమయ్యా నీకు! మొఖం మీదనే చెప్తున్నవ్!"

సంచీ తెరిచారు. బైబిలు, కీర్తనల పుస్తకం, ప్రభుభోజనపు చిన్న గిన్నె బయట పడ్డాయి. అడుగున బాప్తిస్మముల రిజిస్టరు దొరికింది. అందులో పేర్లు, తండ్రుల పేర్లు, ఊళ్ళు, తేదీలు. సంఘ సభ్యుల జాబితా చేతికి చిక్కిందనుకుని రిజిస్టరును, అయ్యగారిని రాత్రంతా ఉంచుకున్నారు. తెల్లవారి తెలిసినవారు వచ్చి చెప్పాక వదిలిపెట్టారు. "వాళ్ళు అనుకున్నది తప్పేం గాదు తమ్మీ, అది సంఘ సభ్యుల జాబితనే గద" అని ఆయన నవ్వేవారు. అయితే ఆ రాత్రి తన గురించి ఆయనకు బెంగ కలగలేదు. "నా దస్తూరితో రాసిన పేర్లు నా కండ్ల ముందట వేరేటోళ్ళు చదువుతుంటే, పేరు రాయడం ఎంత పెద్ద పనో అప్పుడు తెలిసింది" అన్నారు.

పేరు వ్రాయడం పెద్ద పని అని ఆయనకు మరోసారి, ఇంతకన్నా కఠినంగా తెలియవచ్చింది. ఆ సంగతి చెప్పాలంటే చట్టం మాట ఎత్తాలి. షెడ్యూల్డు కులాలను గూర్చిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మూడవ పేరా ఒకటి ఉంది. హిందూ మతం కాక వేరే మతం అవలంబించే వ్యక్తిని షెడ్యూల్డు కులస్థుడుగా ఎంచరాదని దాని సారాంశం. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అందులో చోటు కలిగింది. క్రైస్తవులకూ ముస్లింలకూ కలగలేదు. 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన మనిషి మద్రాసులో చెప్పులు కుట్టుకుని బతికే క్రైస్తవుడు. ఆయన కూడా ఓడిపోయాడు. మన రాష్ట్రంలో ఇట్లాంటివారిని వెనుకబడిన తరగతుల్లో సి వర్గంగా ఉంచి, ఒక్క శాతం రిజర్వేషను ఇచ్చారు. షెడ్యూల్డు కులాలకు ఉన్నది పదిహేను శాతం. 1977లో రాష్ట్ర ప్రభుత్వం కొన్ని ఆర్థిక రాయితీలను క్రైస్తవులైన దళితులకూ వర్తింపజేసిన మాట నిజమే కాని, సీటూ ఉద్యోగమూ ఆ లెక్కలోకి రావు.

జగిత్యాల దగ్గరి ఒక పల్లె పిల్లవాడికి వృత్తి విద్యలో సీటు వచ్చింది. ఆ ఊళ్ళో అంతవరకు ఎవరికీ రాలేదు. గిట్టనివారెవరో "వాడు కిరస్తానీ" అని అర్జీ పెట్టారు. విచారణకు వచ్చిన అధికారి నేరుగా అయ్యగారి దగ్గరికి వచ్చి రిజిస్టరు అడిగాడు. పిల్లవాడు పసికందుగా ఉన్నప్పుడు బాప్తిస్మం ఇచ్చింది అయ్యగారే. పేరు వ్రాసింది ఆయన చేతే.

పేజీ చించివేయమని సలహా చెప్పినవారున్నారు. ఎలుకలు కొరికాయని చెప్పమన్నవారున్నారు. అయ్యగారు రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టారు. సీటు పోయింది.

పిల్లవాడి తల్లి వచ్చి పాస్టరు బంగ్లా అరుగు మీద కూర్చుంది. తిట్టలేదు, ఏడవలేదు. "మీరు రాయకున్నా దేవునికి తెలియకపోవునా అయ్యగారూ?" అని ఒక్క మాట అడిగిందట. అమ్మగారు అన్నం పెడితే తిని, వందనాలు చెప్పి వెళ్ళిపోయింది. ఆ ప్రశ్నకు వేదాంత కళాశాలలో జవాబు చెప్పలేదని అయ్యగారు మాతో చాలాసార్లు అన్నారు.

అప్పటి నుంచి ఆయన పద్ధతి మారింది. బాప్తిస్మం అడిగి వచ్చిన ప్రతి కుటుంబాన్నీ కూర్చోబెట్టి, ఈ పేరు ఇక్కడ ఎక్కితే రేపు బడిలో, కచేరీలో ఏమవుతుందో విడమరిచి చెప్పేవారు. "ఇంటికి పోయి ఆలోచన చేసుకొని రాండ్రి. రాకున్నా నేను మీ ఇంటికి వస్త" అనేవారు. కొందరు తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. సంవత్సరాంతపు నివేదికలో బాప్తిస్మముల సంఖ్య తగ్గింది. "సేవకుడే జనాన్ని ఎనక్కు పంపుతుండు" అని సంఘ పెద్దలలో కొందరు సణిగారు. ఆయన తన పద్ధతి మార్చుకోలేదు. అబద్ధం వ్రాయనని అనడం సులభం. నిజం వ్రాస్తే ఎదుటివాడికి ఎంత నష్టమో ముందే చెప్పి, ఆ తర్వాత కలం తీయడం కష్టం. ఆయన ఆ కష్టమైన పనినే ఎంచుకున్నారు.

ఆ తర్వాత కోరుట్లకు బదిలీ అయింది. జగిత్యాలకు పాతిక కిలోమీటర్ల లోపే, కాని అక్కడి బతుకు వేరు. చుట్టూ పసుపు చేలు. ఊళ్ళో ఇంటింటా బీడీలు. ఆడవాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుడుతూనే ఉంటారు. కూలి వెయ్యి బీడీలకింత అని లెక్క కనుక, చెయ్యి ఆగితే కూడు ఆగుతుంది. అయ్యగారు ఇంటికి వస్తే లేచి నిలబడబోయేవారు. "కూసోండమ్మా, చేతులు ఆపకుండ్రి, చెవులిస్తే చాలు" అని ఆయన ఆ బీడీల ఘాటులోనే కూర్చుని ప్రార్థన చేసేవారు. మాది ఆ పక్క పల్లె. మా అమ్మ చాట ముందు కూర్చుని ఆమెన్ అనడం నేను ఎన్నిసార్లో విన్నాను.

మగవాళ్ళేమో గల్ఫ్‌లో. దుబాయి, మస్కట్, కువైట్ పేర్లు మా పిల్లలకు వరంగల్ కంటే ముందు తెలుసు. ఫోన్లు లేని రోజుల్లో ఉత్తరం వస్తే చదివి పెట్టేది అయ్యగారు, జవాబు వ్రాసి పెట్టేదీ ఆయనే. భార్యాభర్తల మాటలు మూడో మనిషి నోటి నుంచి పోవాలంటే ఆ నోరు ఎంత భద్రంగా ఉండాలో మీరే ఊహించండి. ఏ ఇంటి మాట మరో ఇంట్లో వినబడిందని నేనెన్నడూ వినలేదు.

ఇక పెండ్లిళ్ళు. మా పెండ్లిళ్ళు 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కిందికి వస్తాయి. మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదవాలి. పెండ్లి ఉదయం ఆరు గంటలకూ సాయంత్రం ఏడు గంటలకూ మధ్య జరగాలి. పాస్టరు రిజిస్టరులో వ్రాసి, సాక్షుల సంతకాలు తీసుకుని, ఆ వివరాలు సర్కారుకు పంపాలి. గల్ఫ్ పెండ్లికొడుకు నెలా నెలన్నర సెలవు మీద వచ్చేవాడు. మూడు ఆదివారాలు ప్రకటనలకే పోతే వాడు భార్యతో ఉండేదెన్నాళ్ళు? అందుకని వాడు విమానం ఎక్కక ముందే అయ్యగారు ప్రకటనలు మొదలుపెట్టేవారు. "పెండ్లికొడుకు సముద్రం అవతల, ప్రకటన ఇవతల" అని గుడిలో నవ్వులు.

ఇక్కడా ఆ పాత చిక్కు ఎదురైంది. కొందరు వచ్చి, "చర్చిల పెండ్లి వద్దయ్యగారూ, పోరని సర్టిఫికెట్టుకు అడ్డమొస్తది. ఇంటికాడికే వచ్చి ప్రార్థన చేసి పోండి" అని మెల్లగా అడిగేవారు. అయ్యగారు వెళ్ళేవారు. ప్రార్థన చేసి, భోజనం చేసి, పుస్తకం తెరవకుండా వచ్చేవారు. దీన్ని తప్పుపట్టిన పెద్దమనిషితో, "నా పుస్తకంల లేనోడు దేవుని పుస్తకంల లేడని మీకెవలు చెప్పిన్రు?" అన్నారట. జగిత్యాల అరుగు మీద ఆ తల్లి అడిగిన ప్రశ్నకు ఇన్నేళ్ళకు ఆయన వెతుక్కున్న జవాబు అదేనేమో.

సీటు పోగొట్టుకున్న ఆ పిల్లవాడు డిగ్రీ చదివి, ఉద్యోగం దొరక్క, చివరకు గల్ఫ్‌కే పోయాడు. అతని పెండ్లి కోరుట్లలో అయింది. రిజిస్టరు తెరవాలా వద్దా అని అయ్యగారు తటపటాయిస్తుంటే, "రాయండయ్యగారూ, ఇగ పొయ్యేదేమున్నది" అని అతనే నవ్వాడు. సంతకం పెట్టేటప్పుడు అయ్యగారి చెయ్యి వణకడం నేను చూశాను.

సిరిసిల్లకు వచ్చేనాటికి ఆయన సైకిలు పోయి లూనా వచ్చింది. తల నెరిసింది. మానేరు ఒడ్డున ఉన్న ఆ ఊరిలో మరమగ్గాల చప్పుడు రాత్రీ పగలూ ఆగదు. ఆ చప్పుడు ఆగిన రోజుల్లోనే ఆయన అక్కడ ఉన్నారు. నూలు ఇచ్చి బట్ట తీసుకునే యజమాని పైన, నాలుగు మగ్గాలు పెట్టుకున్న ఆసామి మధ్యన, పన్నెండు గంటల పాళీ చేసే కార్మికుడు కింద – ఇదీ అక్కడి నిచ్చెన. నూలు ధర పెరిగినా, కరెంటు బిల్లు పెరిగినా, బట్టకు గిరాకీ తగ్గినా, ఆ భారం చివరకు కింది మెట్టు మీదే పడుతుంది. 1990ల చివరి నుంచి కొన్నేళ్ళపాటు నేతకార్మికుల ఆత్మహత్యలతో సిరిసిల్ల పేరు పత్రికల్లో నలిగింది. 2017 నుంచి కొన్నేళ్ళు బతుకమ్మ చీరల ఆర్డరు ఊరటనిచ్చింది. అయ్యగారి కాలానికి అది లేదు.

ఊళ్ళో అత్యధికులు పద్మశాలీలు. మా సంఘం చిన్నది. అయినా ఎవరి ఇంట చావు జరిగినా ఆయన వెళ్ళి గడప బయట కూర్చునేవారు. బైబిలు సంచీలోనే ఉండేది. "పిలవని ఇంట్ల ప్రసంగం చెయ్యొద్దు, కూసుంటే చాలు" అనేవారు.

ఒకసారి మా సంఘస్థుడే, షెడ్డులో పనిచేసేవాడు, అప్పులకు తాళలేక ప్రాణం తీసుకున్నాడు. ఆత్మహత్య చేసుకున్నవాణ్ణి సమాధుల తోటలో అందరి మధ్య పెట్టవద్దని, ఆరాధన క్రమం చదవవద్దని కొందరు అడ్డుపడ్డారు. వాళ్ళు ఊరికే అన్న మాట కాదది. 1662 నాటి ఇంగ్లండు ప్రార్థనా పుస్తకంలోనే, తమ ప్రాణం తామే తీసుకున్నవారికి ఆ క్రమం చదవరాదని నియమం ఉంది. అయ్యగారు వాదించలేదు. నిలువుటంగీ తొడుక్కుని పాడె ముందు నడిచారు. క్రమం మొదటి నుంచి చివరి దాకా చదివారు. తర్వాత గుడికి వచ్చి భూస్థాపనల రిజిస్టరు తీశారు. అందులో "మరణ కారణము" అనే గడి ఉంటుంది. జ్వరం, క్షయ, వృద్ధాప్యం, పాము కాటు అని పైన వరుసగా ఉన్నాయి. ఆయన "అప్పు" అని వ్రాసి సంతకం పెట్టారు.

ఆ ఒక్క మాట నేను చదివిన అర్థశాస్త్ర గ్రంథాలలో చాలావాటికంటే సూటిగా ఉంది. అధ్యయన సంఘాలు పేజీలకు పేజీలు వ్రాసినదాన్ని ఒక పాస్టరు రెండక్షరాల్లో వ్రాశారు. ఆ మనిషిని పాపిగా కాక బాధితుడుగా లెక్క కట్టిన మొదటి దస్తావేజు బహుశా అదే.

ఆయన ఉద్యోగ విరమణ చేసి చాలా కాలమయింది. 2016 అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల వేరు వేరు జిల్లాలయ్యాయి. ఆయన తిరిగిన మట్టి దారులు తారు రోడ్లయ్యాయి. మూడవ పేరా మాత్రం అట్లాగే ఉంది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను దాన్ని తొలగించమని సిఫారసు చేసింది. 2022లో కేంద్రం ఈ విషయాన్ని పరిశీలించడానికి జస్టిస్ బాలకృష్ణన్ అధ్యక్షతన మరొక కమిషను వేసింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో, తనను కులం పేరుతో దూషించారని ఫిర్యాదు చేసినవాడు ఒక పాస్టరు. మతం మారినవాడికి ఆ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని కోర్టు అన్నది. దేవుణ్ణి మార్చుకుంటే ఊరు కులాన్ని మరిచిపోతుందా అన్న ప్రశ్నకు చట్టం ఒక జవాబు చెబుతుంది, మా వాడ మరో జవాబు చెబుతుంది.

ఈ మధ్య కాలంలో చాలామంది పాస్టర్లను చూస్తున్నాం. పెద్ద పెద్ద మైకులు, గోడల మీద నిలువెత్తు ఫొటోలు, స్వస్థత సభలు. వారిని విమర్శించడానికి ఈ వ్యాసం కాదు. సేవను ఎట్లా కొలవాలో చెప్పుకోవడానికి మాత్రమే. ఆ మూడు రిజిస్టర్లలో ప్రతి వరుస చివరా "జరిపించినవారు" అనే సన్నని గడి ఉంటుంది. అయ్యగారి పేరు ఉన్నది అక్కడే. అంతకు ముందున్న విశాలమైన గడులన్నీ ఇతరుల పేర్లకే ఇచ్చారు.

మన కళాశాల నుంచి ప్రతి ఏడూ కొందరు ఉపాధ్యాయులు, గుమాస్తాలు, తహశీల్దార్లు అవుతున్నారు. అంటే రేపు మీలో చాలామంది చేతికి ఏదో ఒక రిజిస్టరు వస్తుంది. ఎవరి పేరో వ్రాయవలసి వస్తుంది, లేదా కొట్టివేయవలసి వస్తుంది. నిజమే వ్రాయండి. కాని వ్రాసే ముందు తలెత్తి, ఎదుట నిలబడ్డ మనిషికి కుర్చీ చూపించి, ఆ వ్రాత వల్ల అతనికి ఏమవుతుందో వివరంగా చెప్పండి. నాకు తెలిసినంతలో మా అయ్యగారు ముప్పయ్యేళ్ళు చేసిన పరిచర్య అదే. దానికి ఏ మతమైనా అడ్డు రాదు.